వాడి నుంచి నాంపల్లి దాకా – 9వ భాగం: పట్టాలెక్కి వచ్చిన పడవకారు

కిందటి భాగం వికారాబాదు స్టేషన్లో ఆగింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదు దాకా పట్టాలు పడటం, ఆ పట్టాల పక్కనున్న ఊరికి పాయిగా అమీరు వికారుల్ ఉమ్రా పేరు నిలిచిపోవడం, ఆయన కొండమీద ఫలక్‌నుమా కట్టి, ఖర్చు తడిసి మోపెడై, చివరికి దాన్ని ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి ఇవ్వాల్సి రావడం ఇంతవరకూ చెప్పుకున్నాం. 1901లో ఆయన ప్రధానమంత్రి పదవి దిగారు. మరుసటి ఏడే కన్నుమూశారు. ఆయన కాలంలో హైదరాబాదు అమీరు బయల్దేరితే ముందు గుర్రాలు కదిలేవి. ఆ తరవాత మోటార్ల కాలం వచ్చింది. ఈ భాగం ఆ మోటార్లది. అందులోనూ మన పెద్దవాళ్ళు ‘పడవకారు’ అని పిలుచుకున్న అమెరికా బండిది.

మొన్న ఎండాకాలం నగర శివార్లలో ఒక షెడ్డుకు వెళ్ళాను. పాత కారు ఒకటి బాగుచేసి అమ్మకానికి పెట్టారు, నీ రైలు కథకు పనికొస్తుందేమో చూసిపో అని ఒక మిత్రుడు పిలిచాడు. 1947 మోడల్ బ్యూక్ సూపర్. టాపు మడిచే కన్వర్టిబుల్. పదిహేడడుగుల పైచిలుకు పొడవు, దాదాపు 1,800 కిలోల బరువు. ముందువైపు నిలువు పళ్ళ జాలీ. బానెట్టు కొసన గురి చూసేందుకన్నట్టు ఒక వలయం. యుద్ధం ముగిసిన కొత్తల్లో బాంబర్ విమానాల గురి పరికరాన్ని తలపించేలా ఆ బొమ్మ పెట్టారు. పేరు ‘పడవకారు’ అని ఎందుకొచ్చిందో పక్కన నిలబడితే తెలిసింది. చక్రాల మీది మడ్‌గార్డు ముందునుంచి తలుపు మీదికి అలలా సాగి, మెల్లగా వాలిపోతుంది. ఒడ్డున కట్టేసిన నావలాగే ఉంది.

మిస్త్రీకి డెబ్బై దాటి ఉంటాయి. బానెట్టు కుడివైపు నుంచి ఎత్తి చూపించాడు, దించాడు, మళ్ళీ ఎడమవైపు నుంచి ఎత్తాడు. ఎటునుంచైనా తెరుచుకుంటుంది. లోపల ఎనిమిది సిలిండర్లు ఒకే వరసలో, బడిపిల్లల్లా. నాలుగు లీటర్లు దాటిన ఇంజిన్, 110 గుర్రాల బలం. నేను తాళం తిప్పి ఊరుకుంటే ఆయన నవ్వాడు.

“తాళం తిప్పితే లేవదు సార్. ఎక్సిలేటర్ తొక్కుండ్రి. దాంట్లనే స్టార్టర్ ఉంటది.”

తొక్కాను. ఒక్క క్షణం గుక్క పట్టి, తరవాత పెద్ద కుట్టుమిషను నడిచినట్టు సన్నగా అందుకుంది. ఆయన ఒక మీట లాగితే వెనక మడిచి ఉన్న కాన్వాసు టాపు మెల్లగా లేచి నెత్తిమీదికి వచ్చింది. అది లేపే పంపులో బ్రేకు ఆయిలే పోస్తారట. “ఈ టాపు పైపుల కాడనే నాకు ఆర్నెల్లు పట్టింది సార్. బ్రేకాయిలు ఒక్క సుక్క కారితే రంగు పొక్కిపోతది. మల్ల మొదటికెల్లి రంగు కొట్టాలె.”

కారు కింద పరిచిన నేల మాత్రం నాకు బాగా తెలిసిన నేల. బూడిదా నీలం కలిసిన నున్నటి బండలు. తాండూరు నాపరాయి. దానిమీద, ముందు చక్రం పక్కన, అరచేతి మేర నల్లటి నూనె మరక.

అమ్మకం ఫైలు చూపించమన్నాను. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, పాత రిజిస్ట్రేషన్, ఏయే భాగాలు అసలువి, ఏవి కొత్తగా చేయించారు, బాగుచేసే ముందు తీసిన ఫొటోలు అన్నీ పొందికగా ఉన్నాయి. మొదటి కాగితం మాత్రం 1950ల నాటిది. కారు పుట్టింది 1947లో. మొదటి కాగితానికీ పుట్టుకకూ మధ్య ఉండాల్సిన పేజీ లేదు. “నవాబుల బండి” అని నోటిమాట ఉంది. అది ఏ నవాబుదనేది నాకు ముఖ్యం కాదు. అట్లాంటి బండ్లు మన గడ్డమీదికి ఎట్లా వచ్చాయి, వాటికి సొమ్ము ఎవరు కట్టారు, అవి ఎందుకు అమ్ముడుపోయాయి అనేదే ఆ పేజీలో ఉండాల్సిన సంగతి. దాన్ని ఈ వారం మనం రాసుకుందాం.

గుర్రాలకిచ్చిన ఊళ్ళు

పాయిగా అంటే ఏమిటో మళ్ళీ ఒకసారి గుర్తు చేసుకోవాలి. పద్దెనిమిదో శతాబ్దంలో నిజాం తన సేనానుల్లో ఒకరైన తేగ్ జంగ్ వంశానికి పెద్ద జాగీరు ఇచ్చాడు. ఊరికే ఇచ్చింది కాదు. నిజాం కొలువుకు గుర్రపు దళాన్ని పోషించి సిద్ధంగా ఉంచాలి, అందుకయ్యే ఖర్చుకు ఈ ఊళ్ళ శిస్తు అనుభవించాలి, అదీ ఒప్పందం. ఆ వంశం నిజాంలతో వియ్యమందింది. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఆస్మాన్‌జాహీ, ఖుర్షీద్‌జాహీ, వికారుల్ ఉమ్రాహీ అని మూడు పాయిగాలుగా చీలింది. వాళ్ళ ఊళ్ళలో కోర్టులు వాళ్ళవే, పోలీసులు వాళ్ళవే, వసూళ్ళూ వాళ్ళవే. వికారాబాదు పక్కన రైతుకు సర్కారు అంటే పాయిగా కచేరీయే.

ఇంగ్లీషువాళ్ళతో సైన్యసహకార సంధి కుదిరి, కంపెనీ పటాలం సికింద్రాబాదులో గుడారాలు వేశాక నిజాంకు గుర్రపు దళాల అవసరం ఏటేటా తగ్గిపోయింది. ఊళ్ళు మాత్రం అమీర్ల చేతుల్లోనే ఉన్నాయి. శిస్తు వస్తూనే ఉంది. యుద్ధానికి పోని గుర్రాలు ఊరేగింపులకూ పోలో ఆటకూ మిగిలాయి. గుర్రాలకని మొదలైన సొమ్ము ఇరవయ్యో శతాబ్దంలో మోటార్లకు మళ్ళడం పెద్ద వింతేమీ కాదు. దేవిడీల్లో, అంటే అమీర్ల భవంతుల్లో, గుర్రపుశాలలు అలాగే గ్యారేజీలయ్యాయి. ఒక్కో అరలో గుర్రం బదులు కారు. గుర్రాలు చూసుకునే సైసుకు ఇచ్చే జీతం ఇప్పుడు క్లీనరుకు. సైసుల పిల్లలే చాలాచోట్ల క్లీనర్లయ్యారు, క్లీనర్లు డ్రైవర్లయ్యారు. హైదరాబాదు పాత మెకానిక్ కుటుంబాల్లో తాతల పని అడిగితే ఇప్పటికీ ‘ఘోడే కా కామ్’ అనే జవాబు వినిపిస్తుంది.

రోల్స్ సింహాసనం, అమెరికా రోడ్డు

మొదట్లో మోటారు అంటే విలాయతీదే. ఆరో నిజాం 1911లో రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డరిచ్చాడు. లండన్‌లో బార్కర్ కంపెనీ దానికి బాడీ కట్టింది. పసుపు రంగు, పైన గుమ్మటం, లోపల సింహాసనం లాంటి ఆసనం. కారు చేతికి రాకముందే, ఆ ఆగస్టులో మహబూబ్ అలీఖాన్ ఫలక్‌నుమాలోనే కన్నుమూశాడు. ఆ బండి కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కింది. ఇవాళ చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. అది ఊరేగింపు బండి. అంబారీ ఏనుగు చేసే పని చేసింది.

రోజూ తిరగాలంటే వేరే బండి కావాలి. ఇక్కడే అమెరికా నెగ్గింది. కారణాలు చాలా మామూలువి. ఇంగ్లీషు కార్లు ఇంగ్లండు రోడ్లకు పుట్టాయి. ఆ దేశంలో ఇంజిన్ సిలిండరు వెడల్పును బట్టి పన్ను వేసేవాళ్ళు కాబట్టి, మామూలు ఇంగ్లీషు కార్ల ఇంజిన్లు సన్నగా, చిన్నగా తయారయ్యేవి. అమెరికాలో పెట్రోలు చవక, దూరాలు ఎక్కువ, పల్లె రోడ్లు మట్టివి. అందుకని అక్కడి బండ్లు ఎత్తుగా, గట్టి స్ప్రింగులతో, చిన్న వేగంలోనూ బలంగా లాగే పెద్ద ఇంజిన్లతో పుట్టాయి. మన తాండూరు పక్కన కాగ్నా నది చుట్టూ ఉన్న నల్లరేగడిని తలచుకోండి. ఎండాకాలం నెర్రెలు, వానాకాలం మోకాలి లోతు జిగురు. అక్కడ ఎత్తూ బలమూ ఉన్న బండే బతికింది. అదీ దిగబడితే జోడెడ్లు కట్టి లాగడమే.

ఇంకొకటి, స్టార్టరు. మొదటి కార్లను ముందునుంచి హ్యాండిల్ పెట్టి తిప్పాలి. ఇంజిన్ వెనక్కి తన్నితే క్లీనరు మణికట్టు విరిగేది. చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన కరెంటు స్టార్టరును 1912 మోడల్లో కాడిలాక్ కంపెనీ పెట్టింది. కాలితో తొక్కితే లేచే నా షెడ్డు బ్యూక్ ఆ వరసలోదే. ఆ ఒక్క మార్పు ఎంతమంది కుర్రాళ్ళ చేతులు కాపాడిందో ఏ రికార్డులోనూ దొరకదు గానీ, మోటారు చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి అదే.

ధర మరో కారణం. రోల్స్ కొనే సొమ్ముతో ఒక అమీరు రెండు మూడు పెద్ద అమెరికా కార్లు కొనుక్కోగలడు. హోదాలో పెద్దగా తగ్గడు కూడా. ప్యాకార్డ్ కంపెనీ 1915లోనే పన్నెండు సిలిండర్ల కారును బజారులోకి తెచ్చింది. కాడిలాక్ 1930లో పదహారు సిలిండర్లది తెచ్చింది. బ్యూక్ ఆ రెండింటికన్నా ఒక మెట్టు కింద, డాక్టర్లకూ వకీళ్ళకూ చిన్న జాగీర్దార్లకూ అందే ఎత్తులో ఉండేది. పెద్ద దేవిడీ వాళ్ళు ప్యాకార్డ్ కొంటే పక్క దేవిడీ వాళ్ళు కాడిలాక్ కోసం బొంబాయికి తంతి కొట్టే రోజులవి. ఈ పోటీలో ఏడో నిజాం మాత్రం లేడు. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రం వేసిన ఉస్మాన్ అలీఖాన్ పాత ఫోర్డులో తిరిగేవాడని నగరమంతా చెప్పుకునేది. రాజు పొదుపు చేస్తుంటే అమీర్లు మెరుస్తున్న బండ్లలో ఎదురుపడటం ఆ కాలపు హైదరాబాదుకు ప్రత్యేకం.

టాపు మడిచే కారు ఎందుకన్న ప్రశ్న ఉంది. మన ఎండకు అది అనుకూలమేమీ కాదు. నవాబు కనపడాలి, సలాములు అందుకోవాలి. మూసిన కారులో అది కుదరదు. వేటకు పోయేటప్పుడు నిలబడి గురి చూడాలి, దానికీ తెరిచిన బండే కావాలి. జనానా స్త్రీలు ఎక్కితే టాపు లేపి, అద్దాలకు పరదాలు కట్టేవాళ్ళు. ఒకే కారు పొద్దున దర్బారుకు, సాయంత్రం పరదాకు, రాత్రి వేటకు పనికొచ్చేది.

తాండూరు మీదుగా

ఇక మన లైను సంగతి. అమెరికా కారు ఓడలో బొంబాయి రేవుకు వచ్చేది. మొదట్లో నిండు కారు పెద్ద చెక్కపెట్టెలో వచ్చేది. 1928లో జనరల్ మోటార్స్ బొంబాయి సెవ్రీలో కార్లు బిగించే ఫ్యాక్టరీ తెరిచాక చాలావాటికి విడిభాగాలు ఓడలో వచ్చి, బండి అక్కడ తయారయ్యేది. మన రోడ్లకు స్టీరింగ్ కుడివైపు ఉండాలి కాబట్టి, సామ్రాజ్యంలోని దేశాలకు సుంకంలో రాయితీ ఉంది కాబట్టి, అమెరికా పేరున్న బండ్లలో ఎన్నో కెనడా ఫ్యాక్టరీల నుంచి వచ్చేవి.

బొంబాయి నుంచి హైదరాబాదుకు వర్షాకాలంలో రోడ్డు మీద కొత్త కారు నడిపించుకు రావడం పెద్ద సాహసం. రైలెక్కించడమే తేలిక. బొంబాయి నుంచి వాడి దాకా జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వే. వాడిలో నిజాం లైను కలుస్తుంది. రెండూ బ్రాడ్‌గేజే కాబట్టి సరుకు దించి ఎక్కించే బాధ లేదు. పట్టా గుడ్డ కప్పి, చక్రాలకు చెక్క ముక్కలు కొట్టి, తాళ్ళతో బిగించిన మోటారు అదే బండిమీద కూర్చుని చిత్తాపూర్, సేడం, తాండూరు, వికారాబాదు మీదుగా నగరం చేరేది. అంటే బొంబాయిలో దిగి నిజాం రాజధాని చేరే కారుకు మొదటి తెలుగు మాట వినిపించేది తాండూరు దగ్గరే.

ఆ ప్లాట్‌ఫారం దగ్గర ఆగే బండ్లలో ఇంకా ఏముండేదో కూడా చూడాలి. తాండూరు నుంచి కందులు, జొన్నలు, నాపరాళ్ళు. వాడి అవతల షాబాదులో 1920లలో మొదలైన సిమెంటు ఫ్యాక్టరీ నుంచి సిమెంటు బస్తాలు. 1930లలో హైదరాబాదు వీధులకు సిమెంటు కాంక్రీటు పోశారు. దేశంలో చాలా నగరాలకు లేని రోడ్లవి. ఆ సిమెంటు ఈ పట్టాలమీదే వచ్చింది. రోడ్డూ, రోడ్డుమీది కారూ, కారు నిలిపే గ్యారేజీ బండా అన్నీ ఒకే లైను మోసింది.

వికారాబాదులో అమెరికావాళ్ళు అప్పటికే ఉన్నారు. మెథడిస్టు మిషనరీలు అక్కడ బడి, ఆస్పత్రి నడిపారు. మన పల్లెజనం చూసిన అమెరికా రెండు రకాలుగా ఉండేది. ఒకటి జ్వరానికి మందిచ్చే దొరసాని రూపంలో, ఇంకోటి దుమ్ము రేపుకుంటూ పోయే మోటారు రూపంలో.

ఆ దుమ్ము కథ కూడా చెప్పాలి. అనంతగిరి అడవుల్లో వేటకు అమీర్లు వచ్చే రోజున ఊరికి ముందే కబురు వచ్చేది. పటేలు, పట్వారీ కలిసి ఇంటికో మనిషిని పంపేవాళ్ళు. డప్పులు కొడుతూ అడవిని చుట్టి జంతువులను తుపాకీ ముందుకు తోలాలి. కూలి లేదు. కారు వెళ్ళే బాటలో గుంతలు పూడ్చాలి, నీళ్ళు చల్లాలి. కోళ్ళు, గొర్రెలు, పాలు, వంటచెరకు ఊరే ఇవ్వాలి. దీన్నే వెట్టి అన్నాం. గుర్రాల కాలంలో గడ్డి మోసినవాడు మోటారు కాలంలో పెట్రోలు డబ్బా మోశాడు. అమ్మకం ఫైలులో లేని పేజీలో మొదటి సంతకం ఇట్లాంటి మనిషి వేలిముద్రే. ఇది కోపంతో రాస్తున్న మాట కాదు. ఆ బండి అందం నాకు నిజంగా నచ్చింది. అందుకే దాని ఖర్చు కూడా నిజంగా చెప్పాలనిపిస్తుంది.

సామాన్యుడికి మోటారు దక్కింది వేరే దారిలో. 1930లో ప్రభుత్వం రైల్వేను కంపెనీ నుంచి కొనేసి నిజాం స్టేట్ రైల్వే అని పేరు పెట్టింది. 1932 జూన్‌లో ఆ రైల్వే కిందే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ మొదలైంది. అమీరు ప్యాకార్డ్ వెళ్ళిన దారిలోనే టికెట్టు కొన్న రైతు ఆల్బియన్ బస్సులో వెళ్ళడం అప్పటినుంచే.

పెట్రోలు ఆగిన ఏడాది

1942 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం మామూలు కార్ల తయారీ ఆపేసింది. ఫ్యాక్టరీలన్నీ యుద్ధం పనిలో పడ్డాయి. ఇక్కడ పెట్రోలుకు రేషను వచ్చింది. బొగ్గుల పొయ్యి వెనక కట్టుకుని ఆ గ్యాసుతో బస్సులు నడిచాయి. దేవిడీల్లో పెద్ద కార్లను చెక్క దిమ్మెల మీద ఎత్తి, టైర్లు విప్పి దాచారు. 1945 చివర తయారీ మళ్ళీ మొదలయ్యేసరికి నాలుగేళ్ళ ఆకలి పేరుకుంది. మోడళ్ళు యుద్ధానికి ముందువే, కొద్ది మార్పులు చేసి అమ్మారు. అయినా జనం ఎగబడ్డారు. 1947 బ్యూక్ ఆ ఆకలి కాలపు కారు.

అది ఇక్కడికి వచ్చిన వేళ చూడండి. 1947 ఆగస్టులో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. నవంబరు 29న హైదరాబాదు, భారత ప్రభుత్వం యథాతథ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 1948 వేసవికల్లా రాష్ట్రం చుట్టూ దిగ్బంధం బిగిసింది. రజాకార్ల దాడులు ఒకవైపు, పల్లెల్లో రైతాంగ పోరాటం ఒకవైపు. పెట్రోలు లేదు, మందులు లేవు, విడిభాగాలు లేవు. కొత్తగా మెరుస్తున్న ఎనిమిది సిలిండర్ల బండ్లు మళ్ళీ గ్యారేజీల్లో కూర్చున్నాయి. సెప్టెంబరు 13న భారత సైన్యం షోలాపూర్ రోడ్డు మీదుగా కదిలింది. 17న నిజాం కాల్పులు ఆపించాడు. ఆ తరవాత పశ్చిమ జిల్లాల్లో ఎన్నో ముస్లిం కుటుంబాలు పడ్డ కష్టం చిన్నది కాదు. దానికి ఈ ధారావాహికలో ఒక పూర్తి భాగం కేటాయించాను, ఇక్కడ రెండు ముక్కల్లో తేల్చడం అన్యాయం.

కార్ల కథను మార్చింది మాత్రం తుపాకీ కన్నా ఒక కాగితం. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. పాయిగాలతో సహా జాగీర్లన్నీ ప్రభుత్వ పాలనలోకి వెళ్ళాయి. జాగీర్దార్లకు పరిహారం లెక్కగట్టి విడతలుగా ఇస్తామన్నారు. ఊళ్ళ శిస్తు నేరుగా దేవిడీకి చేరడం ఆగింది. వెట్టి మనిషి ఆగాడు. వందలమంది నౌకర్లున్న ఇంటికి నెల తిరిగేసరికి ఆ విడత చాలేది కాదు.

మొదట అమ్ముడుపోయింది కార్లే. నగలు అమ్మితే పరువు, భూమి అమ్మితే తగాదా. కారు అమ్మడం సులువు, పైగా అది రోజూ పెట్రోలు తాగుతుంది. కరాచీకి వెళ్ళిపోయే కుటుంబాలు వచ్చిన ధరకు వదిలేశాయి. డ్రైవర్లకు జీతం బాకీ ఉంటే కొన్నిచోట్ల కారునే ఇచ్చేశారు. అట్లా దేవిడీ దాటిన షోఫర్లు కొందరు గ్యారేజీలు పెట్టుకున్నారు, కొందరు లారీలు తోలారు. నా షెడ్డు మిస్త్రీ గురువు అట్లాంటి ఒక షోఫరే. “మా ఉస్తాద్ ఎన్నడు ఆ బండిని కారు అనలే సార్. ‘బీబీ’ అనెటోడు. తుడిచే గుడ్డ కూడ వేరే ఉండె” అన్నాడాయన.

పెళ్ళిళ్ళ బండి, సినిమా బండి, పాత ఇనుము

1953లో టారిఫ్ కమిషన్ ఒక నిర్ణయం చెప్పింది. ఇక్కడే తయారీ మొదలుపెట్టే ప్రణాళిక లేకుండా ఊరికే విడిభాగాలు తెచ్చి బిగించే కంపెనీలు తప్పుకోవాలని. 1954లో జనరల్ మోటార్స్ సెవ్రీ ఫ్యాక్టరీ మూసేసింది. ఫోర్డూ వెళ్ళిపోయింది. దాంతో దేశంలో ఉన్న అమెరికా కార్లన్నిటికీ పుట్టింటి నుంచి రాకపోకలు తెగిపోయాయి. గేరుపళ్ళు అరిగితే లేతు మిషను మీద కోయించాలి. అద్దం పగిలితే పాత బండి నుంచి ఊడబీకాలి.

కారు పతనం మెట్టుమెట్టుగా ఉండేది. మొదట వ్యాపారి ఇంటికి. తరవాత పెళ్ళిళ్ళకు అద్దెకు, టాపు మడిచి, పూలదండలు కట్టి, వరుణ్ణి కూర్చోబెట్టి. ఆ తరవాత సినిమా షూటింగులకు. ఆపైన టాక్సీకి. పెట్రోలు మోయలేక చాలా అమెరికా బండ్లలో అసలు ఇంజిను తీసి పెర్కిన్స్ డీజిలు ఇంజిను బిగించారు. ఎనిమిది సిలిండర్ల ఇంజిను పాత సామాన్ల బజారుకు చేరింది. చివరికి బాడీని తూకానికి అమ్మారు. తూకం మాత్రం బాగా వచ్చేది, రేకు మందం అంత!

ఈలోగా పడమటి దేశాలవాళ్ళ చూపు పడింది. భారతదేశంలో రాజుల కార్లు చవకగా దొరుకుతాయని తెలిసి దళారులు వచ్చారు. అరవైలలో, డెబ్బైల మొదట్లో ఎన్నో మంచి బండ్లు ఓడలెక్కాయి. ప్రభుత్వం ఆలస్యంగానైనా అడ్డుకట్ట వేసింది. 1950 జనవరి 1కి ముందు తయారైన కార్లనూ వాటి భాగాలనూ మన ఇష్టం వచ్చినట్టు విదేశాలకు పంపడానికి వీల్లేకుండా ఎగుమతి ఆంక్షలు ఉన్నాయి. ఈ నిబంధన లేకపోతే ఇవాళ మనకు చూపించుకోవడానికి మిగిలేవి చాలా తక్కువ. ఢిల్లీలో 1964 నుంచి స్టేట్స్‌మన్ పత్రిక పాత కార్ల ర్యాలీ నడుపుతోంది. అది చూసి చాలామంది తమ పశువుల కొట్టంలో గడ్డి కింద ఉన్నది ఏమిటో గుర్తుపట్టారు. హైదరాబాదులో యువరాణి ఎస్రా పూనికతో చౌమహల్లా బాగుపడి 2005లో జనానికి తెరుచుకుంది. సిల్వర్ ఘోస్ట్‌తో పాటు నిజాం కుటుంబం వాడిన బ్యూక్ కన్వర్టిబుల్ కూడా అక్కడ ఉంది. 2017లో కార్టియే సంస్థ దేశం నలుమూలల నుంచి మేలైన పాత కార్లను పిలిచి అందాల పోటీ పెట్టింది ఎక్కడనుకున్నారు? ఫలక్‌నుమాలో. వికారుల్ ఉమ్రా చూడకుండానే పోయిన మోటార్లు నూట పదిహేనేళ్ళ తరవాత ఆయన మేడ ముందు వరసగా నిలబడ్డాయి.

2021 జులైలో కేంద్రం పాత వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న కార్లకు, మోటార్‌సైకిళ్ళకు ‘వీఏ’ అక్షరాలున్న కొత్త నంబరు ఇస్తారు. మొదటి రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్ళు. రోజువారీ తిరగడానికీ వ్యాపారానికీ వాడకూడదు. అమ్మితే కొన్నవాళ్ళు, అమ్మినవాళ్ళు 90 రోజుల్లో రవాణా శాఖకు చెప్పాలి. కాగితం విలువ దీంతో బాగా పెరిగింది. నా షెడ్డు బ్యూక్ ఫైలు అంత పొందికగా ఉండటానికి కారణమూ ఇదే.

కొనేవాళ్ళు ఆ రోజు ఇద్దరు వచ్చారు. ఇంజిను అసలుదేనా, నంబర్లు కలుస్తాయా, టాపు గుడ్డ కొత్తదా అని ఓపిగ్గా అడిగారు. మంచి ప్రశ్నలే. వెళ్ళేముందు నేను యజమానిని ఒకటి అడిగాను. ఈ ఫైలులో రెండు పేజీలు చేర్చనిస్తారా అని. ఒకటి, ఈ మిస్త్రీదీ ఆయన ఉస్తాద్‌దీ కథ. రెండోది, ఇట్లాంటి బండ్లు ఏ శిస్తుతో, ఏ లైను మీద మన దగ్గరికి వచ్చాయో చెప్పే పేజీ. ఆయన కాసేపు ఆలోచించి, “రాసివ్వండి, పెడతాను. కొన్నవాళ్ళు చదువుకుంటారు” అన్నారు. మొదటిది రాసిచ్చాను. రెండోది ఇప్పుడు మీరు చదువుతున్నదే, కాస్త కుదించి ఇస్తాను.

మేం మాట్లాడుతుంటే మిస్త్రీ మోకాళ్ళమీద కూర్చుని, నేలమీది నూనె మరకను సున్నం చల్లి గుడ్డతో రుద్దుతున్నాడు. “ఈ బండ నూనె పీల్చదు సార్, పైపైననే ఉంటది. మీ ఊరిదేనంట గద?” అన్నాడు.

మా ఊరిదే. వచ్చే భాగంలో ఆ బండ కిందికి దిగుదాం. తాండూరు భూమిలో పొరలు పొరలుగా నాపరాయి ఎట్లా పడింది, దాన్ని సుత్తితో, ఉలితో పగలకుండా విడదీసే వడ్డెరల పనితనం ఎట్లాంటిది, పొలంలో బండ పడ్డ రైతు బాగుపడ్డాడా, చెడిపోయాడా, రైలు వ్యాగన్లకోసం గనుల యజమానుల మధ్య నడిచిన పోటీ ఏమిటి అన్నది వచ్చే వారం.